నూట నాలుగు ముక్కలు

కోవెంట్రీ
3 నవంబర్ 2024, ఆదివారం

బాబాయిగారికి,

నమస్కారం ముందు, నా కోపం తర్వాత. మీ చెవులు ఫోను మాట వినడం మానేసినప్పటి నుంచి నేను కాగితం మీద అరవడం నేర్చుకున్నాను. ఈ ఉత్తరం ఫొటో పిన్నిగారి ఫోనులో పెద్దది చేసుకుని నింపాదిగా చదవండి.

దీపావళికి లండన్ దగ్గర హారోలో భానుప్రకాష్ అన్నయ్య వాళ్లింటికి వెళ్లాం. మీ అల్లుడు బాబీతో కాకినాడలో చదువుకున్నాయన. మీరు 2019లో మా ఇంటికి వచ్చినప్పుడు లండన్ చూపిస్తానని తీసుకెళ్లి, మీ చేత తొమ్మిది మైళ్లు నడిపించి, తర్వాత వారం రోజులు మీ మోకాళ్లకి నా చేత నూనె రాయించిన మహానుభావుడు ఆయనే. వాళ్లింట్లో ఆరేళ్లుగా ఒకటే పద్ధతి. మగవాళ్లు హాల్లో మనిషికి పది పౌండ్లు వేసుకుని పేకాట ఆడతారు. ఆడవాళ్లు పక్కగదిలో తంబోలా ఆడాలి. మధ్యమధ్యలో లేచి హాల్లోకి పకోడీలు పంపాలి.

ఈసారి నాకు ఒళ్లు మండింది. తంబోలా చీటీ బిందుమాధవి చేతిలో పెట్టి (ఆవిడ భానుప్రకాష్ గారి భార్య, ఒక డాక్టరుగారి క్లినిక్కులో పనిచేస్తుంది), హాల్లోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గెలిచాను బాబాయిగారూ! పదిమందినీ ఊడ్చేశాను. ఆయన మాత్రం నవ్వుతూ, "అదృష్టమమ్మా లాస్యా. పది పౌండ్ల ఆట ఎవడైనా గెలుస్తాడు. వంద పెట్టి కూర్చుంటే చేతులు వణుకుతాయి, అప్పుడు తెలుస్తుంది" అన్నారు.

నోరు ఊరుకుంటుందా? "సరే అన్నయ్యా. నవంబర్ ముప్ఫై, శనివారం, మా ఇంట్లో. మనిషికి వంద. పదహారు మంది. నడిపేది నేనే, ఆడేదీ నేనే" అన్నాను. బాబీ చేతిలో సమోసా నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "నువ్వు పెడితే అదీ తంబోలాయే అవుతుంది కదమ్మా" అన్నారాయన. హాలంతా గొల్లుమంది. మర్నాటికల్లా మా వాట్సాప్ గ్రూపు పేరు 'లాస్య తంబోలా' అని మారిపోయింది.

ఇప్పుడు ఇది సవ్యంగా జరగకపోతే, ఎక్కడో చిన్న తగాదా వచ్చినా, ఈ దేశంలో ఉన్నన్నాళ్లూ నేను తంబోలా లాస్యనే. మీరు క్లబ్బులో ఏళ్ల తరబడి ఆడినవారు. ఆట గొడవ లేకుండా నడవాలంటే ఏం చేయాలో రాయండి. ఐదు వందల చిప్స్ ఆర్డర్ చేశాను. బ్లైండ్స్ ఇరవై నిమిషాలకోసారి పెంచుదామనుకుంటున్నాను. ఎలా ఉంటుందంటారు?

పిన్నిగారి మోకాలు ఎలా ఉంది? ఆవిడకి ఈ వంద సంగతి చదివి వినిపించకండి.

మీ పొగరుబోతు పిల్ల,
లాస్య


భీమవరం
6 నవంబర్ 2024

చిరంజీవి లాస్యమ్మకి,

సుబ్బరాజు బాబాయి దీవెనలు. నీ ఉత్తరం మీ పిన్ని జయలక్ష్మే ముందు చదివింది. ఫోను ఆవిడది కదమ్మా, ఫొటో ఆవిడ కళ్లు దాటి నా దగ్గరికి ఎలా వస్తుంది? "వంద పౌండ్లంటే ఎంత?" అని అడిగింది. వెయ్యికి కొంచెం ఎక్కువ అని చెప్పాను. ఈ వయసులో అబద్ధం ఆడించావు.

నిన్న మన పేపర్లో జిల్లా పేజీ నిండా ఒకటే వార్త. 'పేకాట శిబిరంపై దాడి, పద్నాలుగు మంది పేకాటరాయుళ్ల అరెస్టు.' ఫొటోలో వాళ్లందరూ ముఖాలకి తువ్వాళ్లు కప్పుకుని వరసగా కూర్చున్నారు. అది చూసిన దగ్గర్నుంచీ నా కళ్ల ముందు నువ్వూ, బాబీ తువ్వాళ్లతో కనిపిస్తున్నారు. అక్కడ పోలీసులు రారా? నడిపేది నేనే అని నలుగురిలో చెప్పావంటున్నావు, శిబిరం నడిపిన వాళ్లకే కదా ఇక్కడ పెద్ద కేసు!

ఇక నీ ఏర్పాట్లు. పదహారు మందికి ఐదు వందల చిప్స్ ఏమిటమ్మా? మనిషికి ముప్ఫై వచ్చాయి. నేను వచ్చినప్పుడు చూశానుగా, అక్కడి చిప్స్ బొటనవేలంత లావుంటాయి, నూనె కారుతుంది. ఆ చేతులతో పేక ముట్టుకుంటే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. జీడిపప్పు పెట్టు, చేతికి అంటదు.

బ్లైండ్స్ గురించి రాశావు. మీ ముందుగది కిటికీకి ఉన్న ఆ తెల్ల తెరలు నాకు బాగా గుర్తు, వాటి తాడు లాగబోయి ఒకటి ఊడగొట్టింది నేనే. వాటిని ఇరవై నిమిషాలకోసారి పైకి ఎత్తడం ఏం తెలివి? రోడ్డు మీద పోయేవాళ్లందరికీ లోపల పేకాట కనిపించదూ? పూర్తిగా దించి ఉంచు. అసలు ఎత్తకు.

ఆట విషయానికొస్తే, రమ్మీ తెలివి ఆట. పదమూడు ముక్కలు పట్టుకుని బుర్ర ఉపయోగించి ఆడేది. మన ఇంట్లో ఎప్పుడూ అదే ఉంది. మూడుముక్కలాట, లోపలా బయటా, పోకరూ గీకరూ, వీటిని మాత్రం నీ గడప తొక్కనివ్వకు. అవి చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు నటించి, ఎదుటివాణ్ణి బెదరగొట్టి డబ్బు లాగే ఆటలు. మన రక్తంలో లేవు.

నువ్వు గెలిచావంటే మాత్రం, అమ్మడూ, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆశీస్సులతో,
సుబ్బరాజు


కోవెంట్రీ
10 నవంబర్ 2024

బాబాయిగారికి,

మీ ఉత్తరం చదివి బాబీ నేల మీద పడి దొర్లాడు. పక్కింటి మార్గరెట్ గోడ కొట్టి ఎలా ఉన్నారని అడిగింది. మీ ఉత్తరం ఫొటో ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాం, పాలు తీసుకున్నప్పుడల్లా చదువుకుంటున్నాం.

భయపడకండి. ఇంట్లో స్నేహితులు కూర్చుని ఆడుకుంటే, ఇంటివాళ్లు అందులోంచి కోత తీసుకోకపోతే, ఇక్కడ తప్పు కాదు. నేను కనుక్కునే దిగాను. వచ్చిన పదహారు వందలూ ముగ్గురికి బహుమతులుగా వెళ్లిపోతాయి: ఎనిమిది వందలు, ఐదు వందలు, మూడు వందలు. బిర్యానీ ఖర్చు నాది. తువ్వాళ్లు స్నానానికే వాడతాం.

చిప్స్ అంటే తినేవి కావండీ! డబ్బుకి బదులు బల్ల మీద పెట్టే రంగు బిళ్లలు. మీ క్లబ్బులోనూ ఉండేవి కదా. బ్లైండ్స్ సంగతి ఇప్పటికి వదిలేయండి. ఆట మాత్రం మీరన్నట్టు తెలివి ఆటే, అందులో అనుమానం లేదు.

పదహారు సీట్లూ నాలుగు రోజుల్లో నిండిపోయాయి. గ్లాస్గో నుంచి డాక్టర్ నవదీప్ వస్తున్నాడు, వాళ్లది మెదక్ జిల్లా. హాస్పిటల్లో డ్యూటీ మార్పించుకున్నాడట. "అక్కా, వంద వెట్టినంక మల్ల నవ్వులాటలు లేవు గదా, గట్టిగ ఆడుదం" అన్నాడు. బిందుమాధవి రహస్యంగా మెసేజ్ పెట్టింది, "నాకూ ఒక కుర్చీ ఉంచు, ఆయనకి చెప్పకు" అని. ఆవిడ ఆరేళ్లుగా పక్కగదిలో నంబర్లు పిలుస్తూ, తలుపు సందులోంచి హాల్లో ఆట చూస్తూనే ఉందట. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

భానుప్రకాష్ గారు మాత్రం ఫోన్ చేసి, "ఏవమ్మా, హౌసీ అని అరిచే మైకు నేను తెచ్చేదా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఫోను పెట్టేశాక బాబీ మీద అరిచాను.

ఒక మాట అడగనా? మీరు క్లబ్బుకి వెళ్లడం మానేసి పదిహేనేళ్లయిందని పిన్నిగారు ఒకసారి అన్నారు. ఎందుకని అడిగితే మాట మార్చేశారు. అంత బాగా ఆడే మనిషి ఎందుకు మానేశారు?

మీ
లాస్య


భీమవరం
14 నవంబర్ 2024

అమ్మడూ,

ఈరోజు నీకు కొరియర్లో ఒక పార్సిల్ వేయించాను. పండుమిరపకాయ పచ్చడి, రొయ్యల పచ్చడి, మీ పిన్ని చేసిన సున్నుండలు. అడుగున రెండు కొత్త పేకలు. రెండింటికీ వెనకవైపు ఒకటే ఎరుపు రంగు, ఒకటే పువ్వు. వేరువేరు రంగులు ఇస్తానన్నాడు కొట్టువాడు. "వెనక చూసి ముక్క గుర్తుపట్టడానికా?" అని కసురుకుని ఒకేలాంటివి తీసుకున్నాను.

పేక కొనడానికి పదిహేనేళ్ల తర్వాత ఆ కొట్టు మెట్లెక్కాను. కొట్టువాడు నన్ను గుర్తుపట్టి, "రాజుగారూ, మళ్లీ మొదలెట్టారాండీ?" అన్నాడు. మా అమ్మాయి ఇంగ్లండులో టోర్నమెంటు నడుపుతోందయ్యా అన్నాను. వాడు గుడ్లప్పగించి చూశాడు. నాకు బాగానే అనిపించింది.

నువ్వు అడిగిందానికి జవాబు ఇవాళ రాయలేను. మీ పిన్ని పక్కనే కూర్చుని ఉంది.

ఆట నడిపేవాడు కేకలు వేయకూడదు. రూలు ముందే కాగితం మీద రాసి గోడకి అంటించు, తర్వాత నోటితో చెప్పాల్సిన పని ఉండదు. ఎవరి దగ్గర ఎంత ఉందో విరామం వచ్చినప్పుడల్లా రాసి పెట్టుకో. బంధువని ఒకడికి, పెద్దవాడని ఇంకొకడికి రూలు మార్చకు. నీకు అసలు మార్చుకోకు.

సున్నుండలు బాబీకి మూడే ఇవ్వు, పోయినసారి డబ్బా ఖాళీ చేశాడు.

సుబ్బరాజు


కోవెంట్రీ
24 నవంబర్ 2024

బాబాయిగారికి,

పార్సిల్ అందింది. పచ్చడి సీసా మూత కొంచెం వదులై, డబ్బా తెరవగానే ఇల్లంతా భీమవరం వాసన వచ్చింది. పేకలకి ఏమీ కాలేదు. ఎంత బాగున్నాయో! ముక్క చేతిలో పట్టుకుంటే చల్లగా, నున్నగా ఉంది. నేను కొన్నవి పక్కన పెట్టేసి మీవే వాడుతున్నాను. ముందు రెండు బల్లలు, బల్లకి ఎనిమిది మంది, బల్లకి ఒక పేక. భోజనాల టైముకి సగం మంది ఓడిపోయి లేస్తారు. మిగిలిన ఎనిమిది మంది ఒకే బల్లకి వస్తారు.

రూల్స్ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకి అంటించాను. కంపెనీలో కారు బ్రేకులు పరీక్ష చేసేదాన్ని, నాకు ఇలాంటివి బాగా వచ్చు. మధ్యాహ్నం పన్నెండుకి ఆట మొదలు, మూడింటికి బిర్యానీ, ఆరింటికి అంతా ముగియాలి. కుర్చీలు చాలక మార్గరెట్ దగ్గర నాలుగు అడిగి తెచ్చాం. వంట బాబీది. "నాకు ఆట రాదు, ఆ రోజు నేను మీ సర్వరుని" అంటున్నాడు.

పైకి ఎంత మాట్లాడినా లోపల దడగానే ఉంది. నిన్న గ్రూపులో భానుప్రకాష్ గారు ఒక మెసేజ్ పెట్టారు. 'ఇల్లు వాళ్లది, పేక వాళ్లది, రూలు వాళ్లది. మనం వంద ఇచ్చి చేతులు ఊపుకుంటూ వద్దాం.' పక్కన నవ్వు బొమ్మ పెట్టారు. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. ఓడిపోతే ఓడిపోతాను, ఫర్వాలేదు. మోసం అన్న మాట మాత్రం మా ఇంట్లో పుట్టకూడదు.

మీ
లాస్య


భీమవరం
27 నవంబర్ 2024

లాస్యమ్మా,

మీ పిన్ని ఫోను ఇంట్లో వదిలి గుడికి వెళ్లింది, అందుకని గబగబా రాస్తున్నాను.

ముందు ఒక తప్పు దిద్దుతాను. బల్లకి ఒక్క పేక ఏమిటి? రెండు పేకలు కలపనిదే ఆట ఎక్కడిది? పదమూడేసి ముక్కలు పంచితే నలుగురికే ఒక పేక అయిపోతుంది! ముందు ఎలా ఏడ్చినా, ఎనిమిది మందీ ఒక బల్లకి వచ్చినప్పుడైనా రెండూ బాగా కలపమని అల్లుడుగారికి చెప్పు. కలిపాక ఒక చేతిలో పట్టదు కాబట్టి రెండు కట్టలుగా పెట్టుకోవాలి. ఆయనకి ఆ పని అప్పగించు, నీకు తీరిక ఉండదు. రెండు పేకలతో విడతకి ఆరుగురే ఆడగలరు, మిగతా ఇద్దరూ వంతు కోసం ఆగాలి.

ఇప్పుడు నువ్వు అడిగింది. 2009లో ఒక ఆదివారం. క్లబ్బులో ఐదుగురం ఆడుతున్నాం. నేను షో చెప్పి ముక్కలు పరిచాను. అందులో ఆఠీను రాణి ఉంది. ఎదుటివాడి చేతిలో ఒక ఆఠీను రాణి, పక్కవాడి చేతిలో ఇంకొకటి. రెండు పేకల ఆటలో మూడు ఆఠీను రాణులు. వెంకటసుబ్బయ్య, నాతో హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, నా చొక్కా జేబు వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు, చూశాడంతే. మిగతావాళ్లూ అటే చూశారు. ఎవరో గొంతు సవరించుకుని, "పోనీలెండి రాజుగారూ, ఈ ఆట వదిలేద్దాం" అన్నారు.

వదిలేయడమేమిటమ్మా? ముక్కలు లెక్కపెట్టండి అని నేను అరవాల్సింది. పక్క బల్ల పేకలోది ఒకటి కలిసిపోయిందేమో, కొట్టువాడి దగ్గరే తప్పు వచ్చిందేమో, లెక్కపెడితే తేలేది. నాకు గొంతు పెగల్లేదు. లేచి చెప్పులు వేసుకుని వచ్చేశాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. దొంగ అని నన్నెవరూ అనలేదు. కాదనీ ఎవరూ అనలేదు.

అందుకని చెబుతున్నాను. ఎవరి మీద అనుమానం వచ్చినా, నీ మీదే వచ్చినా, ఆ క్షణాన ఆట ఆపు. అందరి కళ్ల ముందూ ముక్కలు లెక్కపెట్టు. నాకు ఎవరూ లెక్కపెట్టలేదు.

గేటు తెరుచుకుంది. ఉంటాను.

సుబ్బరాజు


కోవెంట్రీ
1 డిసెంబర్ 2024, ఆదివారం

బాబాయిగారికి,

కాళ్లు పట్టుకుని ముందు ఒక నిజం చెబుతాను. మేము ఆడింది రమ్మీ కాదు, పోకర్. మీరు పోకరూ గీకరూ అని తిట్టేసరికి చెప్పడానికి ధైర్యం చాలలేదు. అందులో మనిషికి రెండే ముక్కలు, బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు. బ్లైండ్స్ అంటే కిటికీ తెరలు కావు, ముక్కలు చూడకుండానే వంతులవారీగా వేయాల్సిన పందెం. దీనికి ఒక్కటే పేక వాడాలి. రెండు కలిపితే కొంప మునుగుతుంది. మునిగింది కూడా. మొత్తం చదివాక తిట్టండి.

పన్నెండుకల్లా అందరూ వచ్చేశారు. మీ పార్సిల్లోని పేకలు అందరి ముందూ విప్పి, జోకర్లు తీసేసి, రెండు బల్లల దగ్గరా యాభై రెండేసి లెక్కపెట్టించాను. భానుప్రకాష్ గారు "అబ్బో" అన్నారు. బిందుమాధవి వచ్చి కుర్చీలో కూర్చుంది. "నువ్వెక్కడికీ?" అన్నారాయన. "వంద కట్టాను, ఆడటానికి" అంది ఆవిడ. ఆయన ముఖం మీరు చూడాలి! హారో నుంచి వచ్చిన విద్యాసాగర్ గారైతే రమ్మీ అలవాటులో, తన వంతు రాకముందే "షో!" అని ముక్కలు తిరగేసి పరిచేశారు. గోడ మీద రూలు చూపించాను. ఆ చేయి, అంటే ఆ విడత ఆట, వదులుకున్నారు.

మూడింటికి ఎనిమిది మంది మిగిలారు. ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో, మీరు చెప్పినట్టే రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించి, గోడకి అంటించాను. తర్వాత నేను బిర్యానీ వడ్డించడంలో పడ్డాను. ఆ పావుగంటలోనే జరిగింది. బాబీ ఫ్రిజ్ దగ్గరికి పెరుగు కోసం వెళ్లాడు. అక్కడ మీ కొత్త ఉత్తరం మొదటి పేజీ కూడా అంటించి ఉంది. చదివాడు. 'రెండూ బాగా కలపమని అల్లుడుగారికి చెప్పు.' పాపం, పోకర్ గురించి తనకి తెలిసింది మీకు తెలిసినంతే. రెండు బల్లల మీది పేకలూ తీసుకుని, భక్తిగా కలిపి, యాభై రెండేసి లెక్కపెట్టి రెండు కట్టలుగా చేసి, ఒకటి బల్ల మీద, ఇంకొకటి అట్టపెట్టెలో పెట్టాడు. వెనక ఒకటే ఎరుపు, ఒకటే పువ్వు. ఎవరికి తెలుస్తుంది?

నేను మళ్లీ లెక్కపెట్టలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

భోజనాల తర్వాత ఆట వేడెక్కింది. నలుగురు లేచిపోయారు, అందులో బిందుమాధవి కూడా ఉంది. నాకు ముక్కల మీద ముక్కలు కలిసొచ్చి నా ముందు చిప్స్ గుట్ట అయింది. అప్పుడు భానుప్రకాష్ గారు తన దగ్గరున్నవన్నీ ముందుకి తోసేశారు. నేను సరే అన్నాను. ఆయన ముక్కలు తిప్పారు: ఇస్పేటు రాజు, ఇస్పేటు ఆసు. నేను తిప్పాను: ఆఠీను ఆసు, ఇంకా... ఇస్పేటు ఆసు.

నవదీప్ ముందుకి వంగి, "ఏందక్కా గిది, ఇస్పేటు ఆసులు రెండెట్లొచ్చినయ్?" అన్నాడు. భానుప్రకాష్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంటావిడ కదా, ఎక్కడినుంచైనా వస్తాయి" అన్నారు. తర్వాత నా స్వెట్టర్ చేతుల వైపు చూశారు.

ఆ చూపు చూశాను బాబాయిగారూ. మీరు రాసిన చూపు అదే. నాకూ గొంతు పెగల్లేదు. ఎవరో వెనకనుంచి, "పోనీలే, ఈ చేయి వదిలేద్దాం" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఎక్కడినుంచి వచ్చిందో గొంతు! "వదిలేయడానికి వీల్లేదు. ఎవరూ కదలద్దు. ముక్కలు లెక్కపెడదాం" అన్నాను.

స్వెట్టర్ విప్పి కుర్చీ మీద వేశాను. లెక్కపెట్టే పని భానుప్రకాష్ గారికే ఇచ్చాను. యాభై రెండు. సరిగ్గా యాభై రెండు! "చూశావా, లెక్క సరిపోయింది. మరి రెండో ఆసు ఎక్కడిది? ఒకటి తీసి ఒకటి పెడితేనే ఇలా వస్తుంది" అన్నారాయన. అట్టపెట్టెలో ఉన్న రెండో కట్ట తెప్పించాను. అదీ యాభై రెండే. అప్పుడు రెండూ కార్పెట్ మీద పరిచాం. ఇస్పేట్లు ఒక వరస, ఆఠీన్లు ఒక వరస, డైమన్లు, కళావర్లు. పదహారు మందీ మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతున్నారు. ప్రతి ముక్కా రెండేసి ఉంది. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నూట నాలుగు.

అప్పుడు వంటింట్లోంచి బాబీ గరిటెతో వచ్చి, "ఏమైంది? ముక్కలు సరిగా కలవలేదా? బాబాయిగారు రాసినట్టే కలిపానే" అన్నాడు. ఫ్రిజ్ మీది ఉత్తరం తెచ్చి మీ వాక్యం పైకి చదివాడు. ముందు నవదీప్ నవ్వాడు. తర్వాత ఇల్లంతా నవ్వింది. భానుప్రకాష్ గారు నవ్వలేదు. లేచి నిలబడి, "లాస్యా, ఆ మాట అనకూడదు. తప్పయింది" అన్నారు, అందరి ముందూ.

కానీ రూలు రూలే. విరామం తర్వాత ఆడిందంతా చెల్లదని చెప్పాను. ఒక పేక విడిగా ఏరి పెట్టి, గోడ మీది కాగితం ప్రకారం ఎనిమిది మందికీ వాళ్ల చిప్స్ తిరిగి ఇచ్చాను. నా గుట్ట కరిగి పిడికెడు అయింది. బిందుమాధవి తిరిగి వచ్చి కూర్చుంది. గంట తిరక్కుండా తన మొగుణ్ణి ఆవిడే ఓడించి పంపింది! ఆయన లేచి వెళ్లి టీ పెట్టారు. ఆఖరికి బల్ల దగ్గర మిగిలింది ఆవిడా, నేనూ. మగవాళ్లు మాకు పకోడీలు అందిస్తున్నారు. ఆఖరి చేయి ఆవిడది. ఎనిమిది వందలూ ఆవిడకే వెళ్లాయి. నాకు రెండో బహుమతి. ఆ రెండు ఆసులతో ఎనిమిది వందలూ నావే అనుకున్నాను, ఇంకా కొంచెం కడుపు మంటగానే ఉంది, దాచను.

ఈ పొద్దున గ్రూపు పేరు మారింది. 'లాస్యగారి బల్ల' అని ఉంది. మార్చింది ఎవరో తెలుసా? ఆయనే. "ఫిబ్రవరిలో మళ్లీ మీ ఇంట్లోనే పెట్టు, ఇంకెక్కడా వద్దు" అన్నారు. నేను ఎగిరి గంతేశాను బాబాయిగారూ, నిజంగానే. దిగేసరికి నా కింద మార్గరెట్ కుర్చీ ఒకటి విరిగింది.

మీరు ఆ మూడో రాణి గురించి రాయకపోతే, ఆ క్షణాన నేను కూడా తల దించుకుని వదిలేసేదాన్ని. మీ కోసం కూడా లెక్కపెట్టాననే అనుకుంటున్నాను.

అబద్ధం ఆడినందుకు క్షమించండి.

మీ
లాస్య


భీమవరం
6 డిసెంబర్ 2024

లాస్యమ్మగారికి,

నమస్కారం నేనే పెడుతున్నాను, ఈసారికి తీసుకోండి.

పోకర్ ఆడినందుకు తిట్టాలని కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. రెండో పేజీ దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. మీ పిన్ని, "ఏమైందండీ, పిల్లకి ఒంట్లో బాగాలేదా?" అని కంగారు పడింది. ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. చదివి, వంద పౌండ్లు ఎంతో ఇప్పుడు లెక్క కట్టుకుని, నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మంచం మీద పెట్టి, "వెళ్లి రండి" అంది. ఎక్కడికో చెప్పలేదు. చొక్కా వేసుకుని బయల్దేరాను.

క్లబ్బు గోడలకి రంగు మారింది. ఇప్పుడు డబ్బుల ఆట లేదు, ఓడినవాడు అందరికీ టీ ఇప్పించాలి. మా బల్ల మాత్రం అక్కడే, ఆ కిటికీ పక్కనే ఉంది. నలుగురు ఆడుతున్నారు. వెంకటసుబ్బయ్య నన్ను చూసి ముక్కలు కింద పెట్టేశాడు. జుట్టంతా పోయింది వాడికి. ఎవరూ మాట్లాడలేదు. నా చెవులకి ఎలాగూ వినపడదు కాబట్టి నేనే మాట్లాడాను. వెంట తెచ్చుకున్న మీ పిన్ని ఫోనులో నీ ఉత్తరం తీసి, మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. అల్లుడుగారి గరిటె దగ్గర అందరూ నవ్వారు. చూపు దగ్గర ఎవరూ నవ్వలేదు.

చదవడం అయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నేను ఆడతాను. ముందు ముక్కలు లెక్కపెట్టండి" అన్నాను.

వెంకటసుబ్బయ్య బల్ల మీది ముక్కలన్నీ దగ్గరికి లాక్కున్నాడు. జోకర్లు ఏరి పక్కన పెట్టాడు. ఒక్కొక్క ముక్కా నా ముందు పెడుతూ, నాకు వినపడాలని గొంతు చించుకుని లెక్కపెట్టాడు. పక్క బల్లల వాళ్లు ఆట ఆపి లేచి వచ్చారు. తొంభై దాటాక వాడి గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. నాకు ప్రతి అంకె వినిపించింది అమ్మడూ.

నూట నాలుగు.

"సరిపోయింది సుబ్బరాజూ" అన్నాడు వాడు. "ఆరోజే లెక్కపెట్టాల్సింది. పంచు."

పంచాను. మొదటి ఆటే షో చెప్పాను. వాడే అందరికీ టీ ఇప్పించాడు.

నీ
సుబ్బరాజు బాబాయి